కుళాయి వచ్చింది సరే, ఆ నీళ్లు తాగొచ్చా?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేవి రెండే. ఒకటి, "మా ఇంటికి కుళాయి ఎలా వేయించుకోవాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి?" రెండోది, "కుళాయి ఉంది గానీ ఆ నీళ్లు వాడకానికే. తాగడానికి డబ్బానీళ్లు కొంటున్నాం. మానేయొచ్చా?"

మొదటిది కాగితాల పని, నాలుగు మాటల్లో అయిపోతుంది. రెండో దానికే ఓపిక కావాలి. వంశధారలోనో నాగావళిలోనో ఇసుక కింద ఊటబావి వేసి తోడిన నీరు ట్యాంకు ఎక్కేసరికి చాలా ఊళ్లలో బాగానే ఉంటుంది. అది పాడయ్యేది ట్యాంకు దిగాక, మీ గుమ్మానికి చేరేలోపు. అందుకే కింద చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఆ పైపు గురించే.

దగ్గర పెట్టుకోవలసినవి

కుళాయి కోసం: ఆధార్ నకలు, ఇంటిపన్ను రసీదు, తెల్లకాగితం మీద దరఖాస్తు, పని చేసే ఫోన్ నంబరు.

నీళ్లు చూసుకోవడానికి: 20 లీటర్ల బకెట్టు, గడియారం, క్లోరోస్కోపు (క్లోరిన్ చూసే చిన్న డబ్బా, పంచాయతీలో ఉండాలి), నీటి పరీక్షల కిట్టు, ఒక నోటుపుస్తకం. కిట్టు మీరు కొనక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు దాన్ని వాడటం నేర్పించాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో సచివాలయంలో అడగండి. "ఎవరూ లేరు" అంటే మీ పొదుపు సంఘం నుంచి పేర్లు రాసి ఇవ్వండి.

ట్యాంకు కోసం: బ్లీచింగ్ పౌడరు, పొడుగు కర్ర బ్రష్షు, రెండు ప్లాస్టిక్ బకెట్లు, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ.

1. దరఖాస్తు పెట్టండి

గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకో పంచాయతీ కార్యదర్శికో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి రావద్దు. మన ఊళ్లలో సగం అర్జీలు నోటిమాట దగ్గరే ఆగిపోతాయి. మీ వీధిలో మెయిన్ పైపే లేకపోతే అది పంచాయతీ చేతిలో పని కాదు, గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) వెళ్లాలి. అప్పుడు ఒక్కరుగా కాకుండా వీధి మొత్తం సంతకాలతో, ఇళ్ల సంఖ్య రాసి ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. పాత రసీదు నకలు దానికి జత చేయడం మరవొద్దు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. గడువు మొదట 2024, తర్వాత 2028 దాకా పొడిగించారు. కాబట్టి "పథకం అయిపోయింది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

కొండవార ఊళ్ల వాళ్లకు ఒక మాట. మందస, మెళియాపుట్టి, మెంటాడ వైపు ట్యాంకున్న ఊళ్లకు దూరంగా ఉన్న గూడేల వాళ్లు మెయిన్ పైపు వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. పైన ఏడాది పొడవునా పారే ఊటగెడ్డ ఉంటే, ఊట దగ్గర చిన్న సిమెంటు పెట్టె కట్టి, మోటారు లేకుండా పల్లానికి పైపుతో దింపే పద్ధతి ఉంది. దరఖాస్తులో ఆ మాట రాయండి. నడివేసవిలో ఊట ఎంత పారుతుందో బకెట్టుతో కొలిచి ఆ లెక్క కూడా రాస్తే ఇంజినీరుకు పని తేలికవుతుంది. వానల్లో కొలిచిన లెక్క పనికిరాదు.

2. కనెక్షన్ ఇచ్చే రోజు ఇంటి దగ్గరే ఉండండి

పొలం పనుంటే మానుకోండి. ఆ గంటలో జరిగిన తప్పు పదేళ్లు మీ బిందెలోకి వస్తుంది.

మెయిన్ పైపుకు సాడిల్ (పైపు చుట్టూ బిగించే పట్టీ) బిగించి దాని పైభాగం నుంచి కన్నం తీయాలి. అడుగు నుంచి తీస్తే మడ్డంతా మీ కుళాయికే. అక్కడి నుంచి మీ గోడ దాకా నల్లటి ప్లాస్టిక్ పైపు ఒకే ముక్కగా రావాలి. ముక్కలు అతికితే ప్రతి అతుకూ రేపటి లీకే. రెండడుగుల లోతు తగ్గకూడదు. బళ్లు తిరిగే చోట ఇంకా లోతు.

అన్నిటికంటే ముఖ్యం మురుగు కాలువ. మన వీధుల్లో ఇంటికీ మెయిన్ పైపుకీ మధ్య కాలువ అడ్డం ఉంటుంది. పనివాళ్లు సులువని పైపును కాలువ అడుగునే పరిచేస్తారు. అలా పడుకున్న పైపు ఎప్పుడూ మురికినీళ్లలో నానుతూ ఉంటుంది. పైపులో నీళ్లు వచ్చే గంటసేపు ఒత్తిడి బయటికి తోస్తుంది, లీకున్నా నీరు బయటికే పోతుంది. సరఫరా ఆగాక లోపల ఖాళీ ఏర్పడి, అదే లీకు నుంచి కాలువ నీటిని లోపలికి లాగుతుంది. మర్నాడు కుళాయి తిప్పగానే ముందొచ్చే చెంబుడు నీళ్లు అవే.

కాబట్టి కాలువ దాటే చోట పైపు కాలువ గట్టుకు పైనుంచి పోవాలి. కుదరకపోతే ఇనుప గొట్టంలో దూర్చి దాటించాలి. కాలువ మేర లోపల ఒక్క జాయింటు కూడా ఉండకూడదు. ఇనుప గొట్టం ముక్క మీరే కొనివ్వాల్సి వచ్చినా కొనివ్వండి. ఆ ఖర్చు దగ్గర బేరం వద్దు. పూడ్చే ముందు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత లీకు వెతకడానికి పనికొస్తుంది.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ నెల చుట్టుపక్కల ఊళ్లన్నీ హడావిడిగా ట్యాంకులు కడిగించుకున్నాయి. మంచిదే. కానీ ఎంత తళతళలాడే ట్యాంకైనా కాలువలో నానే పైపును బాగుచెయ్యలేదు.

3. గొయ్యి తవ్వొద్దు, మోటారు బిగించొద్దు

ఎక్కువ ఇళ్లలో కనిపించే తప్పులు ఈ రెండే.

కుళాయి తల నేలకు అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తులో, కింద సిమెంటు పళ్లెంతో ఉండాలి. నీళ్లు సన్నగా వస్తున్నాయని కొందరు నేలలో గొయ్యి తవ్వి కుళాయిని అందులోకి దించుతారు. బిందె గొయ్యిలో దిగుతుంది, ధార పెరుగుతుంది, సంతోషం. వాన పడితే అదే గొయ్యి నిండి, వీధి నీరు కుళాయి మూతిని ముంచుతుంది. సరఫరా ఆగిందంటే ఆ నీరంతా వీధి పైపులోకే. మీ గొయ్యి మురికి పక్కింటి పాప తాగుతుంది. గొయ్యి ఇప్పటికే ఉంటే పూడ్చండి.

మోటారు సంగతి కూడా అంతే. వీధి పైపుకు సూటిగా మోటారు పెడితే చివరి ఇళ్లకు నీళ్లు పోవు. పైగా మీ మోటారు పీల్పుకు దారిలోని ప్రతి లీకు నుంచీ మురికి లోపలికి వస్తుంది. మేడ మీద ట్యాంకు నింపుకోవాలంటే మార్గం ఉంది. నేల మట్టంలో మూతున్న చిన్న సంపు కట్టి, కుళాయి నీటిని దాని ధారతోనే అందులో పడనివ్వండి. సంపు నుంచి పైకి మోటారుతో ఎక్కించుకోండి. వీధి పైపును పీల్చనంతవరకూ మీకు ఎవరి అభ్యంతరమూ ఉండదు.

అసలు ధార ఎందుకు తగ్గిందో వాటర్‌మ్యాన్‌ను అడిగి చూడండి. ఎక్కువసార్లు కారణం ట్యాంకుకు దగ్గరున్న వీధుల్లో తల ఊడిపోయిన కుళాయిలు. వాటికి తలలు బిగించి, వాల్వులతో వీధికో వంతు పెడితే చివరి ఇంటికి కూడా అందుతుంది. వంతు పెట్టడం రాజకీయంగా కష్టమే. సర్పంచ్ ఒక్కరి మీద వేయకుండా నీటి కమిటీలో తీర్మానం రాయించండి. 10 నుంచి 15 మంది ఉండే ఆ కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బిందె మోసే వాళ్లు కూర్చున్న కమిటీలో వంతుల లెక్క తొందరగా తెగుతుంది.

4. బకెట్టుతో కొలవండి

"నీళ్లు చాలట్లేదు" అని రాసిస్తే ఆఫీసులో ఎవరూ కదలరు. అంకె రాయండి.

కుళాయి పూర్తిగా తిప్పి 20 లీటర్ల బకెట్టు ఎన్ని నిమిషాల్లో నిండిందో చూడండి. నాలుగు నిమిషాలు పట్టి, నీళ్లు గంటసేపు వస్తే 15 బకెట్లు, అంటే 300 లీటర్లు. నలుగురున్న ఇంటికి కావలసింది 220. సరిపోతుంది. ఎనిమిది నిమిషాలు పడితే 150 లీటర్లే, చాలదు. ఉదయం వంతు, సాయంత్రం వంతు వేరువేరుగా కొలవండి. వీధి మొదటి ఇల్లు, చివరి ఇల్లు రెండూ కొలిచి అర్జీలో పక్కపక్కన రాస్తే వాదన అక్కర్లేదు.

5. ట్యాంకు కడగడం

ఇది పంచాయతీ పని. కానీ దగ్గరుండి చూసేవాళ్లు లేకపోతే తేదీ మాత్రమే కొత్తగా రాసి వెళ్లిపోతారు. పదిహేను రోజులకోసారి కడిగించండి. వానాకాలంలో ఒక్కసారి కూడా తప్పనివ్వొద్దు.

ముందు రోజు దండోరా వేయించండి. ట్యాంకు ఖాళీ చేశాక గోడలూ అడుగూ బ్రష్షుతో రుద్ది, మడ్డి నీటిని అడుగు వాల్వు నుంచి బయటికి వదలాలి. ఊరి పైపులోకి వదలకూడదు. ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది. తర్వాత బ్లీచింగ్ నీళ్లు గోడలకు కొట్టి అరగంట ఉంచి, మంచినీళ్లతో కడిగి మళ్లీ బయటికి వదలాలి. సబ్బు పొడి వద్దు.

జాగ్రత్త: బ్లీచింగ్ వాసన మూసిన ట్యాంకులో ఊపిరి ఆపేస్తుంది. మూత తెరిచి గాలి ఆడనిచ్చాకే దిగాలి. పైన ఒక మనిషి తప్పకుండా ఉండాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపడం ప్రాణాపాయం. మెట్లు తుప్పు పట్టి ఉంటే ఎక్కనివ్వొద్దు, ముందు మెట్లు బాగుచేయమనండి.

పైనుండగానే మూత, గాలి గొట్టానికి జాలీ ఉన్నాయో లేవో చూడమనండి. పావురాలు దూరే ట్యాంకును ఎన్నిసార్లు కడిగినా దండగే.

6. బ్లీచింగ్ కలపడం

మామూలు పౌడరులో నాలుగో వంతు క్లోరిన్ ఉందనుకుంటే, వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము వస్తుంది. అంటే 20 వేల లీటర్ల ట్యాంకుకు 80 గ్రాములు, 40 వేలకు 160, 60 వేలకు 240. కిరాణా కొట్టు తూకం చాలు. "పిడికెడు వేశాం" అన్నది లెక్క కాదు.

పొడిని సూటిగా ట్యాంకులో చల్లకండి. ప్లాస్టిక్ బకెట్టులో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత నీళ్లు పోసి కలియబెట్టి పావుగంట వదలండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటినే ట్యాంకులో పోయాలి, సున్నం పారబోయాలి. ట్యాంకు నిండుతున్నప్పుడు పోస్తే బాగా కలుస్తుంది. అరగంట ఆగాకే ఊరికి వదలాలి.

పౌడరు పాతబడితే బలం పోతుంది. మూతి విప్పిన సంచి పంచాయతీ గదిలో తేమకు గడ్డకట్టి ఉంటే, పైన చెప్పిన గ్రాములు చాలవు. ఎంత పెంచాలో తర్వాతి పరీక్షే చెబుతుంది.

7. చివరి ఇంటి కుళాయి దగ్గర చూడండి

ట్యాంకు కింద క్లోరిన్ చూసి పుస్తకంలో రాసేసుకోవడం అలవాటైపోయింది. దాంతో ఏమీ తెలియదు. చూడాల్సింది ట్యాంకుకు అందరికంటే దూరంగా ఉన్న ఇంటి దగ్గర.

కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలి, క్లోరోస్కోపు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, డబ్బా మీద చెప్పినన్ని చుక్కల మందు వేయండి. వెంటనే పసుపు రంగు వస్తుంది. తెల్లగోడ ముందు పట్టుకుని పక్క రంగులతో పోల్చండి. ఆలస్యం చేస్తే రంగు ముదిరి ఎక్కువ చూపిస్తుంది. మందు చుక్కలు విషం. పరీక్ష నీళ్లు బిందెల పక్కన ఒలకబోయొద్దు, చేతులు కడుక్కోండి, పిల్లలకు ఇవ్వొద్దు.

చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగే రాకపోతే ట్యాంకు నుంచి ఒక్కో వీధీ చూసుకుంటూ నడవండి. ఇక్కడే ఈ చిన్న డబ్బా విలువ తెలుస్తుంది. ట్యాంకు దగ్గర 0.5, రామాలయం వీధిలో 0.4, ఆ పక్క వీధిలో సున్నా అనుకుందాం. రామాలయానికీ ఆ వీధికీ మధ్య పైపులోకి మురికి చేరుతోందన్నమాట. క్లోరిన్ ఆ మురికితో పోరాడి అయిపోయింది. ఆ మధ్య కాలువ దాటే చోట్లు, గొయ్యి కుళాయిలు, వాల్వు గుంటలు వెతకండి. అన్ని చోట్లా కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి చివర సున్నా అయితే లీకు కాదు, మోతాదు చాలలేదు. 20 గ్రాములు పెంచి మర్నాడు మళ్లీ చూడండి.

"బ్లీచింగ్ వాసన, తాగలేం" అనే వాళ్లుంటారు. బిందె మీద పల్చటి గుడ్డ కట్టి కొన్ని గంటలు వదిలితే వాసన పోతుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొందరు ఆ భయంతో కూడా బ్లీచింగ్ వద్దంటారు. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. క్లోరిన్ లేని నీళ్లతో విరేచనాలు పట్టుకుంటాయన్నది మాత్రం ఎప్పుడో తేలిన సంగతి.

8. కిట్టు, ల్యాబు

కిట్టులో సూక్ష్మజీవుల సీసా ఉంటుంది. గీత దాకా నీళ్లు పట్టి వెచ్చటి చోట పెట్టండి. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే ఆ నీరు మరిగించకుండా తాగకూడదు. నల్లబడలేదని నిశ్చింతగా ఉండిపోకండి, వానాకాలంలో మళ్లీ చూడండి.

జేబులో పెట్టుకునే టీడీఎస్ పెన్నును నమ్ముకుని చాలామంది మోసపోతున్నారు. అది నీటిలో కరిగిన లవణాల్ని చూపిస్తుంది, సూక్ష్మజీవుల్ని కాదు. 80 చూపించిన నీళ్లతో అతిసారం రావచ్చు, 600 ఉన్న బోరు నీటిలో ఒక్క క్రిమీ లేకపోవచ్చు. కొనే డబ్బానీళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆ డబ్బా నీటిని కూడా ఒకసారి సూక్ష్మజీవుల సీసాలో పోసి చూడండి.

ఏడాదికి ఒకసారైనా నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపండి. సూక్ష్మజీవుల పరీక్షకు వాళ్లిచ్చే శుభ్రమైన సీసాలోనే పట్టాలి. లోపల మందు ఉంటుంది, కడగొద్దు. మూత లోపలి వైపు వేలు తగలనివ్వొద్దు. ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చండి. సాయంత్రం పట్టి మర్నాడు బస్సులో పంపితే ఫలితం నమ్మలేం. రసాయనాల పరీక్షకు లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపితే చాలు.

కాగితం వచ్చాక ముందు ఇవి చూడండి: ఈ-కోలి (మలం నుంచి వచ్చే సూక్ష్మజీవి) 100 మిల్లీలీటర్లలో ఉండనే కూడదు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటకూడదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరింగు పక్కన పెంటకుప్పో మరుగుదొడ్డి గొయ్యో ఉన్న ఊళ్లలో నైట్రేటు ఎక్కువ రావచ్చు. మరిగిస్తే అది తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది. అలాంటి నీటితో చంటిపిల్లలకు పాలు కలపొద్దు. ఫ్లోరైడు కూడా మరుగుకు పోదు. ఇవి ఎక్కువైతే వేరే నీటి వనరు అడగడమే దారి.

హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీరు 2023 డిసెంబరులో ప్రారంభమైన పథకంతో ఉద్దానం ఊళ్లకు పైపుల్లో వస్తోంది. మీ ఊరి ట్యాంకులో పాత బోరు నీరు కూడా కలుస్తోందేమో వాటర్‌మ్యాన్‌ను అడగండి. కలుస్తుంటే బోరు నీటిని విడిగా పరీక్షించాలి.

9. ఇంట్లో

కుళాయి తిప్పగానే వచ్చే మొదటి రెండు చెంబులు మొక్కలకు. తాగే నీళ్లకు మూతున్న, అడుగున చిన్న కుళాయి ఉన్న పాత్ర వాడండి. లేకపోతే పొడుగు పిడి ముంత పెట్టి దాంతోనే ముంచండి. బిందెలో చేయి పెట్టి గ్లాసుతో ముంచుకుంటే ఇంతదాకా చేసిందంతా దండగ. బయటి గోలెం నీరు తాగడానికి కాదు, దాన్ని వారానికోసారి ఖాళీ చేసి తోమండి, దోమలు కూడా తగ్గుతాయి.

కుళాయి కింద నిలిచే నీటికి మూడడుగుల లోతు ఇంకుడు గుంత తవ్వి, రాళ్లూ ఇటుక ముక్కలూ నింపండి. నుయ్యి ఉంటే దానికి దూరంగా తవ్వాలి.

10. వరదనీరు, తుఫాను, విరేచనాలు

ఏరు పొంగి కుళాయిలో ఎర్రనీరు వస్తే ముందు తేర్చండి. పటిక ముక్క కొద్దిగా తిప్పండి, చిల్లగింజ అరగదీసి కలిపినా పనిచేస్తుంది. గుడ్డతో వడగట్టి, తెర్లే దాకా కాచి, తెర్లాక ఒక నిమిషం ఉంచండి. మురికినీటిలో క్లోరిన్ బిళ్ల వేస్తే బిళ్ల మట్టికే సరిపోతుంది, కాబట్టి తేరాకే వేయండి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో అట్టమీద ఉంటుంది. వేశాక అరగంట ఆగండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపించి వాల్వు మూయించండి, వంతులు సగం చేయండి. ఊరికి జనరేటరు ఎక్కడి నుంచి వస్తుందో ముందే మాట్లాడుకోండి. కరెంటు వచ్చాక మొదటి నీటిని తాగకుండా పైపులన్నీ ఒకసారి వదిలేయాలి.

ఒకే వీధిలో ఒకటి రెండు రోజుల్లో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు పట్టుకుంటే కారణం తేలేదాకా ఆగొద్దు. వాల్వు తిప్పి ఆ వీధి సరఫరా ఆపించండి, ట్యాంకరు అడగండి, ఆశా కార్యకర్తకు చెప్పండి. జబ్బుపడ్డ మనిషికి ఓఆర్ఎస్ మొదలుపెట్టి ఆసుపత్రికి పంపండి. పైపు బాగుచేశాక ఎక్కువ మోతాదు క్లోరిన్ నీరు ఆ లైనులో నింపి కొన్ని గంటలు ఉంచి, ఆ నీటిని బయటికి వదిలేయాలి. తర్వాత చివరి కుళాయిలో 0.2 కనిపించి, సూక్ష్మజీవుల సీసా 48 గంటలకూ నల్లబడకపోతేనే ఆ వీధి వాళ్లు కాచకుండా తాగొచ్చు. ఆ రెండు రోజులూ కాచుకునే తాగమని ఇంటింటికీ వెళ్లి చెప్పండి, మైకులో చెబితే చాలదు.